ఒక్క మెతుకు చాలదు: తేలికపాటి బుల్లెట్‌కి సరైన లోడ్ ఎట్టా తేలుద్ది

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా పిసకనక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టుకుంటే చాలని మన ఇళ్లల్లో పెద్దోళ్లు చెప్తారు. కుండలో వేడి అన్ని మెతుకులకీ ఇంచుమించు ఒకే మాదిరి తగులుద్ది కాబట్టి ఆ మాట నిజమే. రైఫిల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇదే లెక్క నిలువునా ముంచుద్ది. మూడు తూటాలు కాల్చి, మూడూ ఒకే చిల్లులో పడ్డట్టు కనపడితే ఇదే ఈ రైఫిల్‌కి సరైన లోడ్ (ఏ బుల్లెట్, ఏ మందు, ఎంత మందు అనే కూర్పు) అని నోట్‌బుక్‌లో రాసిపెట్టుకుంటారు, వారం తర్వాత అదే మందు (తూటాలో కాలే పొడి), అదే బుల్లెట్, అదే రైఫిల్‌తో కాలిస్తే అట్ట మీద చింతగింజలు చల్లినట్టు పడతాయి. అప్పుడు మందు డబ్బాని, మందుని అంటించే ప్రైమర్లని, గురిచూసే స్కోప్‌ని ఒక్కోదాన్నీ అనుమానిస్తా ఇంకో వంద తూటాలు తగలేస్తారు. అసలు తప్పు మొదటి మూడు తూటాలని నమ్మడంలో ఉంది, అది మాత్రం ఎవరికీ తట్టదు.

ఇట్టాంటి తేలికపాటి బుల్లెట్లు ఎక్కువగా వాడేది వార్మింట్ వేటకి, ముందు ఆ వార్మింట్ సంగతేందో చూద్దాం. అమెరికాలో పశువుల మేత భూముల్ని బొరియలతో గుల్ల చేసే ప్రెయిరీ డాగ్ లాంటి చిన్న జంతువుల్ని వార్మింట్ అంటారు. కిలో బరువుండే జంతువు, నిలబడితే మూడు నాలుగు అంగుళాల వెడల్పు కూడా ఉండదు, దాన్ని 250, 300 గజాల దూరం నించి కొట్టాలంటే చాలా కచ్చితమైన రైఫిల్ కావాలి. ఆ అవసరానికి పనికొచ్చేట్టు 1935లో .220 స్విఫ్ట్, 1950లో .222 రెమింగ్టన్, 1964లో .223 రెమింగ్టన్, 1965లో .22-250 రెమింగ్టన్, 2004లో .204 రూగర్ లాంటి తూటాలు మార్కెట్‌లోకి వచ్చినయ్. వీటిల్లో .223 సైన్యం 5.56 తూటాకి తోబుట్టువు, మిగతావి దాదాపు ఈ పని కోసమే పుట్టినయ్. తూటా అంటే ఇత్తడి కేస్, ప్రైమర్, మందు, బుల్లెట్ కలిసిన మొత్తం, ఎగిరిపోయేది బుల్లెట్ ఒక్కటే. ఈ తూటాలన్నిట్లోనూ బుల్లెట్ చిన్నది, పోయే వేగం విపరీతం.

బుల్లెట్ బరువుని గ్రెయిన్లలో చెప్తారు. గ్రెయిన్ అంటే ధాన్యపు గింజ, మన కంసాలి గురివింద గింజతో బంగారం తూచినట్టే వాళ్లు ధాన్యపు గింజతో మొదలుపెట్టారు. ఒక గ్రెయిన్ 0.0648 గ్రాములు, గురివింద గింజ దాదాపు 0.12 గ్రాములు, అంటే గురివింద గింజ ఒకటి రెండు గ్రెయిన్లకి కాస్త తక్కువ తూగుద్ది. 40 గ్రెయిన్ల వార్మింట్ బుల్లెట్ అంటే 2.6 గ్రాములు, ఇరవై ఒకటో ఇరవై రెండో గురివింద గింజల బరువు. అది సెకనుకి 3600 అడుగుల వేగంతో, అంటే కిలోమీటరు పైచిలుకు వేగంతో బయటికొస్తది.

ఫ్యాక్టరీ తూటా కొనకుండా, ఒకసారి పేలిన ఇత్తడి కేస్‌ని మళ్లీ సైజుకి తెచ్చి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు కొలిచి పోసి, నచ్చిన బుల్లెట్ కూర్చోబెట్టడమే హ్యాండ్‌లోడింగ్. అమెరికాలో ఇది ఇంట్లో గ్యారేజీలో చేసుకునే పని. టెక్సాస్ వైపు స్థిరపడి వారాంతం షూటింగ్ రేంజ్‌కి పోయే మన నెల్లూరు, ఒంగోలు వాళ్లలో కూడా కొందరికి ఇది పరిచయమే. ఇక్కడ మాత్రం సంగతి వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటా తయారీకి లైసెన్సు కావాలి, రైఫిల్ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఇంట్లో తూటాలు చేసుకోవచ్చని కాదు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఉదయగిరి, పామూరు పక్క వేరుశనగ చేలల్లో అడవి పందులు పడి రాత్రికి రాత్రే పంట తవ్విపోతాయి, రైతులు చీరలు కట్టీ, లైట్లు పెట్టీ, నిద్ర మానుకునీ కాపలా కాస్తారు, ఆ కష్టం చూసినోళ్లకి మంచి రైఫిల్ ఉంటే బాగుండునని అనిపించడం సహజం. కానీ 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అనుమతి లేకుండా పందిని కొట్టడం నేరం. పైగా వార్మింట్ బుల్లెట్ పందికి పనికిరాదు కూడా. పలచటి రాగి జాకెట్ (పైతొడుగు), తగలగానే పగిలిపోయేట్టు చేసిన బుల్లెట్ అది, పంది భుజం మీద పైపైనే పగిలి, చంపకుండా గాయం చేసి వదిలేస్తది. ఆ జంతువు రోజుల తరబడి నరకం చూసి చస్తది. ఏ లెక్కన చూసినా అది తప్పు పని.

మరి ఇక్కడ ఇదంతా ఎందుకంటే, తూటా చేయకపోయినా లెక్క మనకి పనికొస్తది. నెల్లూరులో, ఒంగోలులో పిల్లల్ని ఎయిర్ రైఫిల్‌కి పంపే తల్లిదండ్రులు పెల్లెట్ (చిన్న సీసం గుండు) డబ్బాల మీద డబ్బు పోసే తీరు చూస్తే ఈ తప్పే ఇంకో రూపంలో కనపడుద్ది. అక్కడికి చివర్లో వద్దాం, ముందు అసలు విషయం.

తేలికపాటి బుల్లెట్ గురించి మొదట తెలుసుకోవాల్సింది ట్విస్ట్. బ్యారెల్ లోపల గాడులు మెలితిరిగి ఉంటాయి, వాటి వల్లే బుల్లెట్ బొంగరంలా తిరుగుద్ది. 14 అంగుళాలకి ఒక చుట్టు తిరిగితే 1:14, 7 అంగుళాలకి ఒక చుట్టయితే 1:7. పొడుగు బుల్లెట్‌కి ఎక్కువ తిప్పుడు కావాలి, పొట్టిదానికి తక్కువ చాలు. 1879లో జార్జ్ గ్రీన్‌హిల్ అనే ఇంగ్లీషు గణితవేత్త దీనికొక సూత్రం ఇచ్చాడు, దాంట్లో బరువు నేరుగా రాదు, ముఖ్యంగా వచ్చేవి బుల్లెట్ పొడుగూ వ్యాసమే. చాలామంది 'బరువు బుల్లెట్‌కి ఫాస్ట్ ట్విస్ట్' అని కంఠస్థం పెట్టుకుంటారు గానీ అసలు సంగతి పొడుగే, ఒకే వ్యాసంలో బరువు పెరిగితే పొడుగు పెరుగుద్ది కాబట్టి ఆ మాట చెల్లుబాటవుతా వచ్చింది. ప్లాస్టిక్ ముక్కున్న బుల్లెట్ల దగ్గర, సీసం లేకుండా మొత్తం రాగితో చేసిన బుల్లెట్ల దగ్గర అది తేడా కొడుద్ది.

పాత వార్మింట్ రైఫిళ్లు .222, .22-250 చాలామటుకు 1:14 ట్విస్ట్‌తో వచ్చినయ్, 40 నించి 55 గ్రెయిన్ల పొట్టి బుల్లెట్లకి అది సరిపోయింది. ఇప్పుడు దొరికే .223 రైఫిళ్లు 1:9, 1:8, 1:7తో వస్తాయి, ఎందుకంటే దూరపు టార్గెట్లకి పొడుగు బుల్లెట్లు వాడతారు. దాంట్లో 40 గ్రెయిన్ల బుల్లెట్ పెడితే ఏమవుద్ది? సెకనుకి 3600 అడుగులతో 1:14లో బుల్లెట్ నిమిషానికి సుమారు 1,85,000 చుట్లు తిరుగుద్ది, అదే 1:7లో 3,70,000 చుట్లు. పలచటి జాకెట్ ఉన్న బుల్లెట్‌ని అంత తిప్పితే కొన్నిసార్లు టార్గెట్ చేరకముందే గాల్లోనే చిరిగిపోద్ది, బూడిదరంగు పొగగీత ఒకటి కనపడుద్ది, అట్ట మీద చిల్లు ఉండదు. టార్గెట్‌కి తగల్లేదని స్కోప్ తిప్పుకుంటా కూర్చునేవాళ్లకి అసలు బుల్లెట్టే అక్కడికి పోలేదని తెలియదు.

చిరిగిపోకపోయినా నష్టం ఉంది, ఇది ఎక్కువమంది పట్టించుకోని విషయం కాబట్టి లెక్క చూపిస్తేనే మంచిది. బొంగరానికి ములుకు సరిగ్గా మధ్యలో కొట్టకపోతే ఎట్టా వణుకుద్దో, బుల్లెట్ బరువు కేంద్రం సరిగ్గా నడిమధ్యన లేకపోయినా అంతే. బ్యారెల్ లోపల ఉన్నంతసేపు బ్యారెల్ దాన్ని బలవంతంగా నడిపిస్తది, బయటపడ్డ క్షణంలో ఆ పక్కకున్న బరువు బుల్లెట్‌ని ఒక వైపుకి విసురుద్ది. ఎంత కోణంలో విసురుద్ది అనేది వేగాన్ని బట్టి కాదు, బరువు ఎంత పక్కకుంది, ట్విస్ట్ ఎంత అనే రెండిటిమీదే ఆధారపడుద్ది. బరువు కేంద్రం 2.5 మైక్రాన్లు పక్కకుందనుకుందాం, తల వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు. 1:14 ట్విస్ట్‌లో అది 100 గజాల దగ్గర 4 మిల్లీమీటర్లు పక్కకి తీసుకుపోద్ది. 1:7లో 8 మిల్లీమీటర్లు. ఒక బుల్లెట్ ఎడమకి, ఇంకోటి కుడికి పోతే గ్రూప్‌లో (ఒకే గురికి కాల్చిన చిల్లుల గుంపులో) తేడా రెట్టింపు. అంటే అదే బుల్లెట్, అదే మందు, మనిషీ అదే, కేవలం ట్విస్ట్ వల్ల ఒక రైఫిల్‌లో గ్రూప్ బాగుంటది, ఇంకోదాంట్లో పాడవుద్ది. తేలికపాటి బుల్లెట్లు కచ్చితంగా పోవని కొందరు అనేది ఈ కారణంగానే. అది బుల్లెట్ తప్పు కాదు. రైఫిల్‌ని బల్ల మీద ఆనించి కాల్చే తక్కువ దూరపు బెంచ్‌రెస్ట్ పోటీల్లో 6 పీపీసీ అనే చిన్న తూటాతో, 65, 68 గ్రెయిన్ల పొట్టి బుల్లెట్లతో, 1:13, 1:14 లాంటి నిదానపు ట్విస్ట్‌తోనే ప్రపంచంలో అతి చిన్న గ్రూపుల్లో చాలావాటిని కాలుస్తా ఉన్నారు. ఫాస్ట్ ట్విస్ట్ బ్యారెలే ఉందనుకోండి, అప్పుడు అతి పలచటి జాకెట్ బుల్లెట్లు మానుకుని కాస్త గట్టి జాకెట్‌తో, మంచి తయారీ ఉన్న బుల్లెట్ తీసుకోవాలి, మందు మార్చి ప్రయోజనం తక్కువ.

మందు సంగతి. తేలిక బుల్లెట్ త్వరగా కదిలిపోద్ది, ఎదురు తక్కువ, కాబట్టి నిదానంగా కాలే మందు పోస్తే అది పూర్తిగా కాలేలోపే బుల్లెట్ ముందుకెళ్లిపోద్ది, వేగం ఒక్కో తూటాకి ఒక్కో మాదిరి వస్తది. అందుకే .223లో 40 గ్రెయిన్ల బుల్లెట్లకి 4198, హెచ్322, బెంచ్‌మార్క్ లాంటి కాస్త చురుకైన మందులు వాడతారు. ఎంత పోయాలి అనేది మందు కంపెనీ, బుల్లెట్ కంపెనీ అచ్చేసిన మాన్యువల్‌లోనే చూడాలి, కింది కొలతతో మొదలుపెట్టి మెల్లగా పైకి పోవాలి, ఎవరో చెప్పిన కొలత నమ్మి పోసుకుంటే కళ్లు పోతాయి, చేతులు పోతాయి, కాబట్టి ఇక్కడ ఒక్క కొలత కూడా ఇవ్వట్లేదు.

మందుకి ఇంకో గుణం ఉంది, ఎండకి మారిపోద్ది. కొన్ని మందులు వేడెక్కితే ఒత్తిడి పెంచుతాయి, కొన్ని అంతగా మారవు. చలికాలం పొద్దున 10 డిగ్రీల్లో తేల్చుకున్న లోడ్‌ని, మన నెల్లూరు మే నెల లాంటి ఎండలో, కారు డ్యాష్‌బోర్డ్ మీద కాగిన తూటాలతో కాలిస్తే అది అదే లోడ్ కాదు, ఒత్తిడి హద్దు దాటే ప్రమాదం కూడా ఉంటది. టెక్సాస్ ఎండ మన ఎండకి పెద్దగా తీసిపోదు, అక్కడి మనోళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవడం మంచిది.

ఇప్పుడు అందరూ ఎక్కువ టైమ్ పోగొట్టుకునే చోటికి వద్దాం. మందుని 0.02 గ్రెయిన్ దాకా తూచే ఎలక్ట్రానిక్ కాటాలు దొరుకుతున్నయ్, ఖరీదు బాగానే ఉంటది, అవి కొన్నోళ్లు గ్రూపులు చిన్నవవుతాయని ఆశపడతారు. లెక్కేసి చూద్దాం. లెక్క కోసం మాత్రమే .223లో మందు పాతిక గ్రెయిన్లు అనుకుందాం, ఇది పోసుకునే కొలత కాదు. పావు గ్రెయిన్ తేడా పడితే దాదాపు ఒక శాతం, వేగం కూడా అటూఇటూగా ఒక శాతం మారుద్ది, 3600లో 36 అడుగులు. సెకనుకి 3600 అడుగులతో పోయే బుల్లెట్ 100 గజాలు చేరేలోపు కిందికి జారేది ఒకటిన్నర అంగుళమే, వేగం ఒక శాతం మారితే ఆ జారుడులో మార్పు రెండు శాతం, అంటే ఒక మిల్లీమీటరు కూడా లేదు. 300 గజాల దగ్గర అయితే ఏడెనిమిది మిల్లీమీటర్లు. అది కూడా పావు గ్రెయిన్ తేడాకి! 0.1 గ్రెయిన్ తేడా 100 గజాల అట్ట మీద కంటికి కనపడే అవకాశమే లేదు. బెంచ్‌రెస్ట్ పోటీల్లో చాలామంది మందుని తూచరు కూడా, కొలగిన్నె లాంటి సాధనంతో కొలిచి పోసేస్తారు, వాళ్ల గ్రూపులు చూస్తే ఒకే చిల్లు. దూరం పెరిగితే తూకం విలువ పెరుగుద్ది, కాదనట్లేదు, కానీ 100 గజాల అట్ట చూసి మందు తూకం మంచిచెడ్డలు తేల్చడం మాత్రం కుదరదు.

బుల్లెట్‌ని కేస్‌లో ఎంత లోతుగా కూర్చోబెట్టాలి అనేది ఇంకో చర్చ. బుల్లెట్ కేస్ నించి బయటపడి గాడులు పట్టుకునేదాకా కాస్త ఖాళీ దూకుద్ది, ఆ దూకుడు ఎంత ఉండాలి అని పెద్ద వాదన నడుస్తా ఉంటది. పొట్టి బుల్లెట్లతో చిక్కేందంటే, గాడుల దాకా చేర్చాలంటే కేస్ మెడలో పట్టు మిగలదు, మెడలో కనీసం బుల్లెట్ వ్యాసమంత పొడుగన్నా ఉండాలనేది పాత లెక్క. కాబట్టి తేలిక బుల్లెట్లు ఎక్కువ దూకుతాయి, అయినా చాలా రైఫిళ్లలో బాగానే పోతాయి. దీని మీద అంత బెంగ అక్కర్లేదు. ఒకటి రెండు లోతులు చూసి వదిలేయడం మేలు.

అసలు చిక్కుముడి అంకెల్లో ఉంది. ఒక రైఫిల్, ఒక లోడ్ తీసుకుని 100 గజాల్లో మూడు తూటాల గ్రూపులు చాలా కాలిస్తే గ్రూప్ సైజు, అంటే అతి దూరపు రెండు చిల్లుల మధ్య దూరం, సగటున 16 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. అదే రైఫిల్, అదే లోడ్‌తో ఐదు తూటాల గ్రూపులు కాలిస్తే సగటు 20 వస్తది, పది తూటాలవి అయితే 25 వస్తది. రైఫిల్ చెడిపోలేదు, తూటాలు ఎక్కువయ్యే కొద్దీ దూరంగా పడేవి కలుస్తాయి కాబట్టి గ్రూప్ పెరగక తప్పదు. అందుకే ఒకరు మూడు తూటాల గ్రూప్ చూపించి, ఇంకొకరు పది తూటాల గ్రూప్ చూపించి ఎవరి రైఫిల్ మంచిదని వాదించుకుంటే ఆ వాదన తెగదు.

అంతకంటే మోసం చేసేది ఇంకోటి ఉంది. సగటు 25 మిల్లీమీటర్లు ఇచ్చే లోడ్ ఒకటుంది, దాంతోనే ఐదు తూటాల చొప్పున ఎనిమిది గ్రూపులు కాల్చారు. ఏమీ మార్చలేదు. అయినా ఎనిమిదీ 25 రావు, చిన్నది సుమారు 15, 16 దగ్గర, పెద్దది 35 దగ్గర రావడం పూర్తిగా మామూలు సంగతి, రెండింతలకి పైగా తేడా కేవలం యాదృచ్ఛికం. ఇప్పుడు మామూలుగా లోడ్ వెతికేవాళ్లు ఏం చేస్తారో చూడండి. మందు 0.3 గ్రెయిన్ చొప్పున పెంచుకుంటా ఎనిమిది రకాల లోడ్లు చేస్తారు, ఒక్కోటి ఐదు కాలుస్తారు, ఎనిమిదింట్లో చిన్న గ్రూప్ 15 వచ్చింది, పెద్దది 35 వచ్చింది, 'చూశారా, ఈ కొలత దగ్గర రైఫిల్‌కి కుదిరింది' అంటారు. మందు మార్చకపోయినా అచ్చం ఇదే ఫలితం వచ్చేదని ఒక్క క్షణం కూడా అనుకోరు. ఎనిమిది బస్తాల్లో ఒక్కో బస్తా నించి పిడికెడు వడ్లు తీసి, ఒకదాంట్లో తాలు గింజలు తక్కువ ఉన్నాయని ఆ బస్తా మొత్తం మేలిరకం అని ధర కట్టినట్టు ఉంటది.

కొన్ని కొలతల దగ్గర బ్యారెల్ వణుకు కుదిరి గ్రూప్ బిగుసుకుంటదని, దానికి నోడ్ అని పేరు పెట్టి, పది తూటాలతోనే ఆ నోడ్ కనిపెట్టే పద్ధతులు చాలా ప్రచారంలో ఉన్నయ్. బ్యారెల్ వణుకుద్ది, అది నిజం. కానీ కొలతకి ఒక తూటా కాల్చి, మందు పెరిగే కొద్దీ వేగం ఎట్టా పెరిగిందో గీసిన గ్రాఫ్‌లో చదునుగా కనపడ్డ చోటే నోడ్ అనడానికి ఆధారం చాలా బలహీనం. అదే పరీక్షని ఇంకోరోజు ఎక్కువ తూటాలతో మళ్లీ చేస్తే ఆ చదును చాలాసార్లు మాయమవుద్ది, లేదంటే ఇంకో చోటికి జరిగిపోద్ది. నోడ్ నిజమే అయితే మళ్లీ అదే చోట కనపడాలి గదా. ఒక్కసారి చూసి నమ్మేసి, మళ్లీ చూడకపోవడమే దాని బలం.

మరి సరిగ్గా ఎట్టా చేయాలి? ముందు, పెద్ద తేడా తెచ్చేవాటితో మొదలుపెట్టాలి. బుల్లెట్ రకం మారిస్తే వచ్చే తేడా పెద్దది, మందు రకం మారిస్తే దానికంటే తక్కువ, మందు కొలత అటూ ఇటూ 0.2 గ్రెయిన్ మారిస్తే వచ్చేది ఇంకా తక్కువ. మాన్యువల్ హద్దులో ఒక మధ్య కొలత పెట్టుకుని, రెండు మూడు రకాల బుల్లెట్లు తీసుకుని ఒక్కోటి 20 తూటాలు కాల్చాలి. ఒకేసారి 20 అక్కర్లేదు, ఐదేసి చొప్పున నాలుగు గ్రూపులు, ఒక రకం తర్వాత ఇంకో రకం మార్చుకుంటా, బ్యారెల్ చల్లారనిచ్చి కాల్చొచ్చు, రెండు రోజుల్లో కాల్చినా నష్టం లేదు, ఇంకా మంచిది. గురిపెట్టే చుక్క ఒక్కటే ఉండాలి, స్కోప్ మధ్యలో తిప్పకూడదు. తర్వాత నాలుగు అట్టల్నీ చుక్క మీద చుక్క వచ్చేట్టు ఒకదాని మీద ఒకటి పెడితే 20 చిల్లుల బొమ్మ వస్తది, ఆ బొమ్మ అబద్ధం చెప్పడం కష్టం. దాంట్లో అతి దూరపు రెండు చిల్లుల మధ్య కొలవడం కంటే, మధ్యబిందువు నించి ప్రతి చిల్లూ ఎంత దూరంలో ఉందో కొలిచి సగటు తీయడం మేలు. గ్రూప్ సైజు 20 తూటాల్లో రెండింటిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటది, సగటు దూరం 20ని లెక్కలోకి తీసుకుంటది. అంత డబ్బు పోసి కాల్చిన తూటాల్లో 18ని లెక్కలోంచి తీసేయడం ఎందుకు?

అన్నిటికంటే ముఖ్యం, ఒక్కసారి ఒక్కటే మార్చాలి. చేపల పులుసు ఈ వారం బాగా కుదిరింది, కొరమేను బదులు బొచ్చె వేశారు, చింతపండు తగ్గించారు, మామిడికాయ కలిపారు, మట్టి కుండలో పెట్టారు. దేనివల్ల కుదిరిందో ఎవరికి తెలుసు? రుచి ముఖ్యం గానీ కారణం ఎందుకు అనుకుంటే పులుసు దగ్గర సరిపోద్దేమో, లోడ్ దగ్గర సరిపోదు, డబ్బా మందు అయిపోయి కొత్త డబ్బా తెచ్చినరోజు కారణం తెలియాల్సిందే.

గాలి సంగతి కూడా మర్చిపోకూడదు. తేలిక బుల్లెట్ ఎంత వేగంగా పోయినా గాలికి ఎదురు నిలిచే గుణం తక్కువ. దీన్ని బాలిస్టిక్ కోఎఫిషియంట్ అనే అంకెతో చెప్తారు, హోర్నడీ వీ-మ్యాక్స్ 40 గ్రెయిన్లకి అది 0.200, అదే కంపెనీ 55 గ్రెయిన్ల దానికి 0.255, అంకె పెరిగితే గాలిని చీల్చే శక్తి పెరిగినట్టు. మైపాడు, కొత్తపట్నం వైపు ఎండాకాలం మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే ఎండిన తాటాకు చప్పుడు ఎట్టా మారుద్దో తీరం పల్లెల్లో అందరికీ తెలుసు, పొద్దున ఒక దిక్కు, మధ్యాహ్నం ఇంకో దిక్కు. అట్టాంటి గాలిలో పొద్దున ఒక లోడ్, మధ్యాహ్నం ఇంకో లోడ్ కాల్చి పోలిస్తే పోల్చింది లోడ్లని కాదు, గాలుల్ని. రకాలు మార్చి మార్చి కాల్చమనేది ఇందుకే, గాలి పెట్టే తేడా రెండిటికీ సమానంగా పడాలి.

ఇప్పుడు మన ఊళ్ల ఎయిర్ రైఫిల్ సంగతి. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం, 2012 లండన్‌లో హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం, రెండూ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే, అప్పట్నించీ ఈ ఆట మన పక్కకి కూడా వచ్చింది. దీంట్లో మందు లేదు, లోడింగ్ లేదు, మార్చగలిగేది పెల్లెట్ ఒక్కటే. 4.5 మిల్లీమీటర్ల సీసం పెల్లెట్, రైఫిల్‌ది 0.53 గ్రాములు, 8.2 గ్రెయిన్లు. తల వ్యాసం 4.49, 4.50, 4.51 అని వందో వంతు మిల్లీమీటరు తేడాతో డబ్బాలు వస్తాయి. టార్గెట్ మధ్య 10 చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లు, పెల్లెట్ అంచు తగిలినా 10, అంటే పెల్లెట్ మధ్యభాగం 2.5 మిల్లీమీటర్లలోపు పడితే 10.0, ఇంకా లోపలికి పోయే కొద్దీ ప్రతి పావు మిల్లీమీటరుకీ 0.1 పెరిగి 10.9 దాకా పోద్ది. 60 షాట్లకి పూర్తి మార్కులు 654.

కోచ్ ఇంకో బ్యాచ్ తెమ్మన్నాడు, సీనియర్ పిల్లాడు ఈ బ్రాండ్ వాడుతున్నాడు, పోయిన ఆదివారం ఈ డబ్బాతో ఐదు పదులు పడ్డయ్. ఇట్టాంటి కారణాలతో దిగుమతి పెల్లెట్లు డబ్బా తర్వాత డబ్బా కొంటున్నారు, మధ్యతరగతి ఇంట్లో అది చిన్న ఖర్చు కాదు. అయితే ఐదు పదులు పడటం అనేది పైన చెప్పిన ఒక్క మెతుకే. పైగా ఇక్కడ ఇంకో లెక్క కూడా ఉంది. పిల్లాడి చేతి కదలిక వల్ల పడే చెదురూ, పెల్లెట్ వల్ల పడే చెదురూ నేరుగా కూడవు, లంబకోణ త్రిభుజంలో రెండు భుజాల్లాగా కలుస్తాయి, కనపడేది కర్ణం. చేతి చెదురు 3 మిల్లీమీటర్లు, పెల్లెట్ చెదురు 1 మిల్లీమీటరు అయితే మొత్తం 4 కాదు, 3.16. ప్రపంచంలో అన్నిటికంటే మంచి పెల్లెట్ తెచ్చి దాని చెదురు సున్నా చేసినా మొత్తం 3.16 నించి 3కి తగ్గుద్ది, ఐదు శాతం. అదే పిల్లాడు రోజూ ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో గోడ మీద చుక్క చూసి నిలబడ్డం ప్రాక్టీస్ చేసి చేతి చెదురు 3 నించి 2కి తెచ్చుకుంటే మొత్తం 2.24 అవుద్ది, దగ్గర దగ్గర 30 శాతం, పైసా ఖర్చు లేకుండా. 580, 590 కొట్టే పిల్లలకి బ్యాచ్ వెతుకులాట వల్ల వచ్చేది దాదాపు ఏమీ లేదు. 620 దాటి, చేతి చెదురు పెల్లెట్ చెదురుకి దగ్గరపడ్డప్పుడు మాత్రం అది నిజంగా అవసరం, అప్పుడు చేయాల్సిందే.

చేసేటప్పుడు రైఫిల్‌ని క్లాంప్‌లో బిగించి, మనిషి చెయ్యి లేకుండా చేయాలి, అది కుదరకపోతే ఇసుక సంచుల మీద ఆనించి. ఒక్కో బ్యాచ్‌కి పది కాదు, పదేసి చొప్పున కనీసం మూడు గ్రూపులు, బ్యాచ్‌లు మార్చుకుంటా. మంచి బ్యాచ్ క్లాంప్‌లో పది షాట్లకీ ఒకే చిల్లు పెట్టి 5, 6 మిల్లీమీటర్ల వెడల్పులో ఆపుద్ది, పెల్లెట్టే 4.5 ఉంటది గాబట్టి అసలు చెదురు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. రెండు బ్యాచ్‌ల సగటులో తేడా ఒక్కో బ్యాచ్‌లో గ్రూపుల మధ్య కనపడే తేడాకంటే తక్కువుంటే, రెండూ ఒకటే అనుకుని తక్కువ ధరది తీసుకోవచ్చు. ఏది తీసుకున్నా డబ్బా అడుగున ఉండే లాట్ (బ్యాచ్) నంబర్‌ని డబ్బా ఖాళీ కాకముందే ఫోన్‌లో ఫోటో తీసుకోవాలి, చాలామంది డబ్బా పారేసిన తర్వాత షాపుకి పోయి అదే ఇవ్వమని అడుగుతారు, బ్రాండ్ అదే వస్తది గానీ లాట్ వేరేది వస్తది. ఇంకోటి, పెల్లెట్ అంటే సీసం, ప్రాక్టీస్ అయిన పిల్లలు చేతులు సబ్బుతో కడుక్కోకుండా టిఫిన్ బాక్స్ తెరవకూడదు, పెల్లెట్లు నోట్లో పట్టుకునే అలవాటు కొందరికి ఉంది, అది మొదటిరోజే మాన్పించాలి.